అమ్మా, నేను ఇంగ్లిషా? (సెయింట్ జార్జ్ డే సందర్భంగా డెర్బీ తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరేనండి.

మొన్న ఉగాదికి ఇదే హాల్లో పచ్చడి పంచుకున్నాం, పంచాంగం విన్నాం. మొన్న గురువారం ఏప్రిల్ 23. సెయింట్ జార్జ్ డే. మన ఊళ్లకి గ్రామదేవత ఉన్నట్టు ఇక్కడ ఒక్కో దేశానికీ ఒక్కో పునీతుడు ఉంటాడు. ఇంగ్లండ్‌కి ఈయన. మీలో చాలామంది గురువారం మామూలుగా ఆఫీసుకి వెళ్లి వచ్చి ఉంటారు. నేనూ అంతే, సెలవు కాదు కదా. తెలుగువాళ్ల సభలో ఈ విషయం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం ఇది ఐదేళ్లుగా మనసులో ఉన్న మాట. ఎందుకో చెప్తాను.

2021 మార్చి 21, ఆదివారం. జనాభా లెక్కల రోజు. లాక్‌డౌన్ ఇంకా పూర్తిగా తీయలేదు, అందరం ఇంట్లోనే ఉన్నాం. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మా ఆయన ఫారం నింపుతున్నారు. మా అబ్బాయికి అప్పుడు పద్నాలుగేళ్లు. తన వివరాలు తనే నింపుకుంటానని పక్కన కూర్చున్నాడు. ఒక ప్రశ్న వచ్చింది, మీ నేషనల్ ఐడెంటిటీ ఏమిటి అని. వర్తించేవన్నీ టిక్ చేయమన్నారు. మొదటి గడి బ్రిటిష్. రెండోది ఇంగ్లిష్. తర్వాత వెల్ష్, స్కాటిష్, నార్తర్న్ ఐరిష్. బ్రిటిష్ అంటే దేశం మొత్తానికి చెందినవాళ్లు, మిగతావి అందులో ఒక్కో భాగానికి చెందినవాళ్లు.

వాడు బ్రిటిష్ మీద వెంటనే నొక్కేశాడు. రెండో గడి దగ్గర ఆగాడు. "ఇంగ్లిష్ కూడా కొట్టచ్చా నాన్నా? నేను డెర్బీలోనే పుట్టాను కదా" అన్నాడు. మా ఆయన తల ఎత్తకుండానే "మనం ఇంగ్లిష్‌వాళ్లం ఎలా అవుతాంరా, బ్రిటిష్ చాలు, పాస్‌పోర్ట్ అదేగా" అన్నారు. తప్పుగా అనలేదు, ఆయనకి తోచింది అన్నారు. వాడు నా వైపు చూశాడు. "అమ్మా, నేను ఇంగ్లిషా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కుక్కర్ వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి వాడు తర్వాతి పేజీకి వెళ్లిపోయాడు. ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

ఈ తడబాటు మా ఇంట్లోదే కాదని తర్వాత లెక్కలు వచ్చినప్పుడు తెలిసింది. 2011లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి 57.7 శాతం మంది కేవలం "ఇంగ్లిష్" అని రాసుకున్నారు. 2021కి అది 14.9 శాతానికి పడిపోయింది. "బ్రిటిష్" అని మాత్రమే రాసుకున్నవాళ్లు 19.1 నుంచి 54.8 శాతానికి పెరిగారు. పదేళ్లలో కోట్లమంది మనసు మారిపోయిందా? కాదు. 2011 ఫారంలో ఇంగ్లండ్‌లో ఇంగ్లిష్ అనే గడి మొదట ఉంది. 2021లో బ్రిటిష్ మొదటికి వచ్చింది. ఈ మార్పుకి చాలావరకు కారణం అదే అయ్యుంటుందని లెక్కలు తీసిన ప్రభుత్వ సంస్థే చెప్పింది. ఏ గడి ముందు కనిపిస్తే దాన్ని టిక్ చేశారన్నమాట. తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లకి కూడా ఈ రెండు మాటల మధ్య గీత ఎక్కడుందో అంత గట్టిగా తెలియదు. అలాంటప్పుడు మన పిల్లలు రెండో గడి దగ్గర ఆగిపోవాల్సిన పని ఏముంది?

అసలు మన భాషలోనే ఆ తేడా లేదు. మా తాతగారికి తెల్లవాళ్లందరూ ఇంగ్లీషు దొరలే. రాయలసీమవాళ్లు మన్రో దొర పేరు ఇప్పటికీ తలచుకుంటారు. సీడెడ్ జిల్లాలకి కలెక్టరుగా చేసి, మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. ఆయన పుట్టింది గ్లాస్గోలో. స్కాట్లాండ్ మనిషి. మనకి మాత్రం ఇంగ్లీషు దొర. బ్రిటిష్ ప్రభుత్వం అన్నా ఇంగ్లీషు ప్రభుత్వం అన్నా మనకి ఒకటే. ఆ అలవాటుతోనే విమానం దిగాం. ఇక్కడికి వచ్చాక తిరగబడింది. బ్రిటిష్ అనేది కాగితం మీద దొరికేది, ఇంగ్లిష్ అనేది రక్తంలో ఉండేది అని ఎవరూ చెప్పకుండానే మనం నేర్చుకున్నాం. హోం ఆఫీసు ఇచ్చేది బ్రిటిష్ పౌరసత్వం. ఇంగ్లిష్ పౌరసత్వం అని ఎక్కడా లేదు. కాగితం లేనిదాన్ని ఎవరి దగ్గరికి వెళ్లి అడుగుతాం?

ఒక చోట మాత్రం మన వాళ్లు సరిగ్గా అన్నారు. మాది నిడదవోలు దగ్గర పల్లె. కాలువ నీళ్ల మీద బతికిన ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ గురించి మీకు చెప్పక్కర్లేదు. గోదావరి స్నానానికి వెళ్తే కొందరు పురోహితులు ఆయన్ని తలచుకుంటూ శ్లోకం చెప్పిస్తారు. అందులో ఆయన్ని భగీరథుడంటారు. "ఆంగ్లేయ దేశీయం" అని కూడా అంటారు. అంటే ఇంగ్లిష్ దేశం మనిషి. పాలకుడని కాదు, దొర అని కాదు, ఫలానా నేలకి చెందినవాడు అని. మా నాయనమ్మ ఆ మాట రేవులో నిలబడి చెప్పేది. ఆమెకి లండన్ ఎక్కడుందో తెలియదు. అయినా ఒక మనిషికి అతని నేలని గౌరవంగా కలిపి చెప్పింది. కాటన్ సమాధి సర్రేలో డోర్కింగ్‌లో ఉంది. మనవాళ్లు చాలామంది వెళ్లి పూలు పెట్టి వస్తారు. మేమూ వెళ్లాం. అక్కడ నిలబడ్డప్పుడు మా అబ్బాయి ఖాళీగా వదిలేసిన గడే గుర్తొచ్చింది నాకు. ఇంగ్లిష్ అనే మాటని ఒకరి పేరు పక్కన మనం అంత ప్రేమగా పెట్టగలిగినప్పుడు మన బిడ్డ పేరు పక్కన పెట్టడానికి ఎందుకు వెనకాడుతున్నాం అని.

మొన్న ఒక మిత్రుడు నాతో వాదించారు. "సి.పి. బ్రౌన్ కలకత్తాలో పుట్టాడు, ఆయన్ని ఎవరైనా బెంగాలీ అన్నారా? పుట్టినంత మాత్రాన అయిపోతారా?" అని. మంచి ప్రశ్నే, రెండు రోజులు ఆలోచించాను. బ్రౌన్ మన భాషకి చేసిన సేవకి మనం ఎంత చెప్పినా తక్కువే. కానీ ఆయన ఉద్యోగం అయ్యాక ఇంగ్లండ్ వచ్చేశాడు. వెళ్లడానికి ఆయనకి ఒక దేశం ఉంది. మా అబ్బాయికి తిరిగి వెళ్లే దేశం ఇంకోటి ఎక్కడుంది? నిడదవోలు వాడికి సెలవులకి వెళ్లే ఊరు, అమ్మమ్మగారి ఊరు. దెబ్బ తగిలితే వాడు పరిగెత్తుకొచ్చేది ఈ డెర్బీ ఇంటికే.

సెయింట్ జార్జ్ పేరు మనకి కొత్త కూడా కాదు. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి సముద్రం ఒడ్డున కొంత నేల ఇచ్చాడు. తెలుగు నాయకుడు. తన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీద ఆ ఊరు చెన్నపట్నం అయింది. అక్కడ కంపెనీవాళ్లు కోట కట్టుకున్నారు. కోట పని ఒక కొలిక్కి వచ్చింది ఏప్రిల్ 23నని, అందుకే ఫోర్ట్ సెయింట్ జార్జ్ అని పేరు పెట్టారని చరిత్రకారులు చెబుతారు. కోస్తా జిల్లాలనీ రాయలసీమనీ ఆ కోటలోంచే పాలించారు. సర్కారు ఉత్తర్వులు అచ్చయ్యే పత్రిక పేరే ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మన తాతముత్తాతలు ఆ పేరు కింద బతికారు. ఇప్పటికీ తమిళనాడు శాసనసభ ఆ కోటలోనే ఉంది.

మరి ఆ పేరంటే మనకి చేదు ఉండాలి కదా అంటారు. ఉంది, దాచను. ఒక జాతి పునీతుడి పేరు ఇంకో జాతిని ఏలే కోటకి పెట్టుకున్నారు. ఆ చేదుని దాటేసి ఏప్రిల్ 23 గురించి తియ్యగా మాట్లాడటం నాకు చేతకాదు. కానీ ఆ కోట కట్టించింది కంపెనీ. ఆ పునీతుడు కాదు, మా పక్కింటి తాతగారూ కాదు, ఆయన సంగతి తర్వాత చెప్తాను.

ఆ జార్జ్ ఎవరంటే, ఇంగ్లండ్ ముఖం చూడని మనిషి. రోమన్ సైన్యంలో సైనికుడు. కప్పదోకియాలో, అంటే ఇప్పటి టర్కీలో పుట్టాడని, తల్లిది పాలస్తీనాలోని లిద్ద అని సంప్రదాయం చెబుతుంది. డయొక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవులని హింసించిన రోజుల్లో, క్రీ.శ. 303లో, తన విశ్వాసం వదులుకోనన్నందుకు తల తీశారంటారు. డ్రాగన్ కథ చాలా తర్వాత వచ్చి చేరింది. మధ్యయుగంలో బాగా ప్రచారమైన కథలో అది జరిగింది లిబియాలో. ఇంగ్లండ్‌కి ఆయన ముందు వేరే పునీతులున్నారు. డెన్మార్క్ వైపు నుంచి దండెత్తి వచ్చిన డేన్ల చేతిలో చనిపోయిన ఈస్ట్ ఆంగ్లియా రాజు ఎడ్మండ్, ఆ తర్వాత ఎడ్వర్డ్ ది కన్ఫెసర్. ఇద్దరూ ఈ గడ్డని ఏలిన రాజులే. మూడో ఎడ్వర్డ్ రాజు 1348 ప్రాంతంలో గార్టర్ వీరుల మండలి పెట్టి దానికి జార్జ్‌ని పునీతుడిగా నిలబెట్టాడు. 1415లో ఆజిన్‌కోర్ యుద్ధం గెలిచాక ఆయన పండుగని దేశమంతా పెద్ద పండుగ చేశారు. సొంత ఊరి రాజుల్ని పక్కన పెట్టి తూర్పు నుంచి వచ్చినవాణ్ణి తమవాడనుకున్నారు ఇక్కడివాళ్లు.

ఆయన ఇంగ్లండ్ ఒక్కదానికే కూడా చెందడు. జార్జియా దేశం ఆయన్ని కొలుస్తుంది. కెటలోనియాలో ఏప్రిల్ 23న పుస్తకాలూ గులాబీలూ ఇచ్చుకుంటారు. పాలస్తీనాలో క్రైస్తవులతో పాటు ముస్లింలూ మొక్కుతారు. కేరళలో ఆయన పేరు మీద పెద్ద పెద్ద తిరునాళ్లు జరుగుతాయి. వర్గీస్ అనే మలయాళీ పేరు ఉందే, అది జార్జే. పాల విప్లవం తెచ్చిన వర్గీస్ కురియన్ పేరులో ఉన్నది ఈయనే.

ఇప్పుడు ఇక్కడి మనుషుల సంగతి. వాళ్లెందుకు ఈ రోజుని గట్టిగా చేసుకోరు? మార్చి 17న ఐరిష్‌వాళ్లు సెయింట్ పాట్రిక్ డే ఎలా చేస్తారో చూశారు, ఊళ్లన్నీ పచ్చగా అయిపోతాయి. నార్తర్న్ ఐర్లాండ్‌లో ఆ రోజు సెలవు. సెయింట్ ఆండ్రూ డేకి స్కాట్లాండ్‌లో సెలవు ఉంది. ఇంగ్లండ్‌లో జార్జ్‌కి లేదు. నాకు ఇంకోటి కూడా అనిపిస్తుంది, ఆడదానిగా అనిపిస్తుంది. ఆ రోజుకంటూ ఒక వంట లేదు. పాన్‌కేక్ డేకి పాన్‌కేక్, గుడ్‌ఫ్రైడేకి హాట్ క్రాస్ బన్, క్రిస్మస్‌కి పుడ్డింగ్. ఈ పండుగకి ఏదీ లేదు. అరిసెలు లేని సంక్రాంతి పిల్లల నోట్లో ఎలా నిలుస్తుంది చెప్పండి.

అసలు కారణం ఇంకా లోతుగా ఉంది. ఇంగ్లండ్‌తో 1707లో స్కాట్లాండ్ కలిసింది, 1801లో ఐర్లాండ్ కలిసింది. చిన్నవాళ్లు తమ గుర్తులు తాము కాపాడుకున్నారు. ఇంగ్లండ్ మాత్రం ఇంటికి పెద్దకొడుకులా తనకంటూ విడిగా ఏదీ అట్టిపెట్టుకోలేదు. తన పార్లమెంటు బ్రిటన్ పార్లమెంటు అయింది. ఇప్పటికీ బ్రిటన్ మొత్తం జనంలో నూటికి 84 మంది ఇంగ్లండ్‌లోనే ఉన్నారు. అంతమంది ఉన్నవాళ్లకి మేము ఫలానా అని చెప్పుకునే అవసరం రాలేదు. తర్వాత సామ్రాజ్యం పోయింది. 1999లో స్కాట్లాండ్‌కి, వేల్స్‌కి సొంత సభలు వచ్చాయి. అప్పుడు పెద్దకొడుకు వెనక్కి తిరిగి చూసుకుంటే తనకి సొంతంగా సభ లేదు, అధికారికంగా ఒక జాతీయ గీతం కూడా లేదు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకి వెళ్లే ముందు ఇంగ్లండ్ జట్టు తన గెలుపుకి ఏ పాట వేయాలో జనాన్ని ఓటు అడిగి తేల్చుకుంది. ఇంత పాత దేశం!

ఇదంతా నేను మా పక్కింటి తాతగారిని చూసి అర్థం చేసుకున్నాను.

2006 జూన్‌లో మేము ఇల్లు వెతుకుతున్నాం. జర్మనీలో వరల్డ్ కప్ జరుగుతోంది. మేము చూసిన వీధిలో సగం కిటికీలకి తెల్ల గుడ్డ మీద ఎర్ర శిలువ ఉన్న ఇంగ్లండ్ జెండాలు. కార్ల అద్దాలకి చిన్న చిన్న జెండాలు. ఒక స్నేహితుడు "జెండాలున్న వీధిలో తీసుకోవద్దు, టెన్షన్ పడతారు" అని గట్టిగా చెప్పాడు. ఆయన అంతకుముందు పడ్డ మాటలు ఆయనకి ఉన్నాయి, ఆయన్ని తప్పుపట్టను. మాకు బడ్జెట్‌కి అదొక్కటే కుదిరింది. తీసుకున్నాం.

సామాన్లు దించిన రెండో రోజు పక్కింటాయన తలుపు కొట్టారు. రైల్వే వర్క్‌షాపులో పని చేసి రిటైరైన మనిషి. చేతిలో పాత పేపర్లో చుట్టిన రూబార్బ్ కాడలు. "మా తోటవి, డక్" అన్నారు. ఈ ఊళ్లో డక్ అంటే మనం అమ్మాయ్ అన్నట్టు. నాకు వాటితో ఏం చేయాలో తెలియదు. కొరికి చూస్తే నాలుక జివ్వుమంది, గోంగూర పులుపు! మర్నాడు వాటితో పప్పు చేసి, వెల్లుల్లి తాలింపు పెట్టి ఒక గిన్నె ఆయనకి ఇచ్చాను. ఆకులు మాత్రం వండకమ్మా, విషం అని ముందే చెప్పారాయన. అప్పటి నుంచి ప్రతి ఏప్రిల్‌లో కాడలు మా ఇంటికి, పప్పు వాళ్లింటికి.

ఒక ఏప్రిల్ 23న ఆయన కోటుకి ఎర్ర గులాబీ పెట్టుకుని బయటికి వచ్చారు. ఏమిటి తాతగారూ విశేషం అని అడిగితే చెప్పారు. ఆయన చిన్నప్పుడు వాళ్లమ్మ బడికి పంపే ముందు ఇలాగే గులాబీ పిన్ను పెట్టేదట. మీ జెండా ఏది మరి అని అడిగాను. లోపలికి తీసుకెళ్లి హాల్లో చెక్క బీరువా సొరుగు తీశారు. ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి, టేబుల్‌క్లాత్‌ల కింద ఉంది. మడత మీద మడత పడ్డచోట తెలుపు కొంచెం పసుపెక్కింది. "1966లో కప్పు గెలిచినప్పుడు మేమంతా యూనియన్ జాక్, అంటే బ్రిటన్ జెండా ఊపాం. మాకెవరికీ తేడా తట్టలేదు. ఇది 96లో కొన్నాను" అన్నారు. అవును, 1996 యూరో కప్‌కే ఈ ఎర్ర శిలువ జెండా స్టేడియంలన్నీ నిండింది. "ఆటలున్నప్పుడు కడితే ఫుట్‌బాల్ అనుకుంటారు. ఆటలు లేనప్పుడు కడితే నన్ను ఇంకోలా అనుకుంటారు. నువ్వు కూడా అనుకుంటావేమో" అన్నారు.

నేను కాదనలేదు. 2006లో ఆ వీధిలోకి వచ్చిన రోజు నేనూ అలాగే అనుకున్నాను కాబట్టి. అది ఆయనకి చెప్పాను కూడా. ఆయన సొరుగు మూసేసి టీ పెట్టారు.

ఒక మనిషి తన దేశపు పండుగ నాడు తన దేశపు జెండాని తన ఇంట్లోనే టేబుల్‌క్లాత్‌ల కింద దాచుకోవాలా? నాకు ఆ రోజు చాలా బాధేసింది. ఆ జెండాని సొరుగులోకి నెట్టినవాళ్లు ఎవరో మనకి తెలుసు. 2009లో మొదలైన ఇంగ్లిష్ డిఫెన్స్ లీగ్ అనే తీవ్ర మితవాద గుంపు ఆ శిలువని భుజాన వేసుకుని మనలాంటివాళ్లు ఉండే వీధుల్లోకి ఊరేగింపులు తీసింది. 2025 ఆగస్టులో దీపస్తంభాలకి రాత్రికి రాత్రి జెండాలు కట్టారు, చిన్న రౌండబౌట్ల మీద ఎర్ర రంగు శిలువలు వేశారు. కట్టినవాళ్లలో ప్రేమతో కట్టినవాళ్లున్నారు, మమ్మల్ని భయపెట్టడానికి కట్టినవాళ్లూ ఉన్నారు. కింద నడిచేవాళ్లకి ఎవరు ఏదనుకుని కట్టారో ఎలా తెలుస్తుంది? ఆ వారం మనవాళ్లు కొందరు సాయంత్రం షిఫ్టు నుంచి నడిచి రావడం మానేసి బస్సెక్కారు. నాకు తెలుసు, నేనూ ఎక్కాను. ఆ భయం నిజం. దాన్ని ఎవరూ చిన్నబుచ్చకూడదు.

మరి ఆ భయం ఉండగా ఆ జెండా మాదీ అని నేనెందుకు అంటున్నాను? 2021 జూలై 11 రాత్రి వల్ల. వెంబ్లీలో యూరో ఫైనల్, ఇటలీతో. పెనాల్టీలలో రాష్‌ఫర్డ్, సాంచో, సాకా కొట్టలేకపోయారు. ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్లు. ఆ రాత్రే ఫోన్లలో వాళ్ల మీద ఎంత విషం కక్కారో మీరూ చూశారు. మా అబ్బాయి ఇంగ్లండ్ జెర్సీలోనే సోఫా మీద కూర్చుండిపోయాడు. ఒంటిగంటకి లేచి వచ్చి నాతో అన్న మాట ఇది: "సాకా లండన్‌లో పుట్టాడమ్మా. ఇంగ్లండ్ కోసం ఆడాడు. వాడే ఇంగ్లిష్ కాదంటే నేనెలా అవుతాను?" నాలుగు నెలల కింద గడి దగ్గర అడిగిన ప్రశ్నే అది. ఈసారి పక్క గదిలోకి పోవడానికి నాకు కుక్కర్ లేదు. "సాకా ఇంగ్లిషే. నువ్వూ ఇంగ్లిషే. కాదనే హక్కు ఎవడికీ లేదు" అన్నాను. నోటితో అంటూనే నేను మొదటిసారి నమ్మాను.

తర్వాత మాంచెస్టర్‌లో విథింగ్టన్ అనే చోట రాష్‌ఫర్డ్ బొమ్మ వేసిన గోడని ఎవరో పాడు చేస్తే ఆ పేటవాళ్లే వచ్చారు. కాగితం గుండెలు, పిల్లల రాతలు, చిన్న చిన్న ఇంగ్లండ్ జెండాలు అంటించి గోడ కనపడకుండా కప్పేశారు. మా అబ్బాయి ఆ ఫొటో చాలా రోజులు ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు.

అందుకని నా విన్నపం ఇదే. మనం దూరంగా ఉంటే ఆ జెండా భయపెట్టేవాళ్ల చేతిలోనే మిగులుతుంది. తాతగారి లాంటివాళ్లు సొరుగులో పెట్టుకుంటారు, మనం కిటికీ కర్టెన్ వేసుకుంటాం, వీధి మొత్తం వాళ్లదైపోతుంది. తెలుగుదనం ఏమైపోతుంది అని భయపడకండి. ఉగాది పచ్చడి తిన్న నోటితో ఇంగ్లిష్ అంటే చేదు తగ్గదు, తీపి పోదు. మద్రాసు రాష్ట్రంలో ఉన్నన్నాళ్లు బయటివాళ్లు మనల్ని మద్రాసీలన్నారు. పెద్ద పేరు కింద చిన్న పేరు మాసిపోతే ఎలా ఉంటుందో మనకంటే ఎవరికి తెలుసు? ఈ ఇంగ్లిష్‌వాళ్ల కడుపులో ఉన్న చిన్న బాధ మనకి అర్థం కావాలి. వాళ్ల పండుగ వాళ్లతో కలిసి చేసుకునే మొదటివాళ్లం మనమే కావాలి.

చేసుకోవడానికి ఉంది కూడా. మోరిస్ డాన్స్ చూశారా? తెల్ల బట్టలు, మోకాళ్ల కింద గజ్జెల పట్టీలు, చేతిలో కర్రలు. ఎదురెదురుగా నిలబడి కర్రకి కర్ర కొట్టుకుంటూ తిరుగుతారు. మొదటిసారి చూసినప్పుడు నేను పైకే "అయ్యో, కోలాటం" అన్నాను. పక్కనున్న పెద్దావిడ ఏమన్నావని అడిగితే ఫోన్‌లో మన కోలాటం వీడియో చూపించాను, ఆవిడ రెండుసార్లు పెట్టించుకుని చూసింది. మమ్మర్స్ అని వీధి నాటకం ఉంది, మన పగటి వేషాల్లాగా. జార్జ్ కత్తి తీసి ఇంకో వీరుడితో కొట్లాడతాడు, ఒకడు పడిపోతాడు, ఒక వైద్యుడు సీసా తీసుకుని వచ్చి లేపి కూర్చోబెడతాడు. పిల్లలు విరగబడి నవ్వుతారు. భాష తెలియక్కర్లేదు.

ఇక స్కౌట్స్. జార్జ్ స్కౌట్లకి కూడా పునీతుడు, ఆ ఎంపిక స్కౌట్స్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ది. అందుకే ఏప్రిల్ 23కి దగ్గరి ఆదివారం వాళ్లు ఊరేగింపు తీసి, తమ ప్రమాణాన్ని మళ్లీ చెప్తారు. మా అమ్మాయి స్కౌట్స్‌లోనే చిన్నపిల్లల జట్టు కబ్స్‌లో ఉంది. ఆ ప్రమాణంలో దేవుడికీ రాజుకీ నా విధి నిర్వర్తిస్తాను అని ఉంటుంది. హిందూ పిల్లలు దేవుడు అన్నచోట "నా ధర్మానికి" అనవచ్చు. ధర్మం అనే మాటే, ఇంగ్లిష్ ప్రమాణం మధ్యలో. మా అమ్మాయి అద్దం ముందు నిలబడి మూడు వేళ్లు పైకెత్తి వారం రోజులుగా అదే ప్రాక్టీసు చేస్తోంది. "ధర్మ" దగ్గర ఒక్క క్షణం ఆగి, మా అత్తగారు పలికినట్టు ఒత్తు గట్టిగా పెట్టి చెప్తుంది.

ఈసారి జెండా మోసే పని తనకి వచ్చింది. తోలు పట్టా మెడలోంచి వేసుకుంటే నడుం దగ్గర చిన్న తోలు గిన్నె వస్తుంది, కర్ర అడుగు అందులో నిలబడాలి. నిన్న రాత్రి పట్టాకి ఇంకో రెండు రంధ్రాలు పొడిచాం, సన్నపిల్ల కదా, జారిపోతోంది. దబ్బనం మా అత్తగారు పట్టుకుంటే సుత్తితో మా అబ్బాయి కొట్టాడు.

తాతగారు రెండేళ్ల కిందట పోయారు. ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చిన వాళ్లమ్మాయి రూబార్బ్ దుంప తవ్వి మాకిచ్చింది. పెరట్లో నాటాం. మొదటి ఏడు కోయకూడదన్నారు, ఆగాం. ఈ ఏప్రిల్‌లో కోశాం. రేపు ఊరేగింపు అయ్యాక చర్చి హాల్లో టీ ఉంటుంది, ఒక్కొక్కరు ఒక్కో తినుబండారం తెస్తారు. నేను రెండు పెద్ద డబ్బాల పులిహోర, ఒక డబ్బా రూబార్బ్ పచ్చడి తీసుకెళ్తున్నాను. ఇంకా ఎవరైనా గారెలు చేయగలిగితే చెప్పండి, హాల్లో ప్లగ్గులు ఉన్నాయి, వేడి చేసుకోవచ్చు.

రేపు పొద్దున పది గంటలకి లైబ్రరీ ముందు. కారు ఇక్కడే పెట్టి నడిచి వెళ్లడం మేలు, రోడ్డు మూసేస్తారు. వాన పడొచ్చు అంటున్నారు, గొడుగులు తెచ్చుకోండి.